ఏడున్నర గ్రాముల సూది

పీణ్య పారిశ్రామికవాడ రెండో స్టేజీలోని ఆ రేకుల షెడ్డులోకి తూకం వెయ్యకుండా వెళ్ళగలిగేవి రెండే రెండు, గాలీ మనుషులూ. మనుషుల్ని కూడా తూచేవాడే అభిజిత్, మర్యాదగా ఉండదని ఊరుకున్నాడు.

గుమ్మం పక్కన బల్ల మీద నగల కొట్లలో వాడే చిన్న ఎలక్ట్రానిక్ తూకం ఉండేది. బోల్టు వచ్చినా, వాషరు వచ్చినా, గరిటెడు జిగురు కలిపినా ముందు దాని మీద పెట్టాలి, అంకె చూడాలి, గోడకు అంటించిన చార్టులో రాయాలి. చార్టు పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో 210 అని రాసి చుట్టూ గీత చుట్టాడు. ఆ షెడ్డులో కడుతున్న ఇద్దరు మనుషుల విమానం మొత్తం అన్ని కిలోలే ఉండాలి. బుధవారం నాటికి లెక్క 214 దగ్గర నిలిచింది. తన సీటుకు తోలు తొడుగు వేయించుకున్నదీ తనే, చక్రాల మీద నున్నటి డొప్పలు బిగించమన్నదీ తనే. అయినా ఆ నాలుగు కిలోలు ఎవరి నెత్తిన రుద్దుదామా అని వారం రోజులుగా వెతుకుతున్నాడు ఆ మహానుభావుడు.

"బేబీ, ముడి తర్వాత దారం తోక ఇంత వదులుతున్నావేంటి? హాఫ్ సెంటీమీటర్ చాలు. అన్నీ కట్ చెయ్."

బేబీ కత్తెర తీసుకుంది. బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో పద్దెనిమిదేళ్ళు కాలర్లు కుట్టిన చెయ్యి అది. రెండు బస్సులు మారి ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చి, మూడు నెలలుగా ఈ విమానం రెక్కలకు బట్ట కుడుతోంది. మధ్యాహ్నం దాకా కూర్చుని రెండు రెక్కల మీదా తోకలన్నీ కత్తిరించి, రేకు మూతలో పోగుచేసి తెచ్చి తూకం మీద పోసింది. పదకొండు గ్రాములు. అభిజిత్ ముఖం వెలిగిపోయింది. చార్టులో రాసుకున్నాడు కూడా.

"తోలు సీటు ఎంతుందన్నా?" అని బేబీ రాజగోపాల్‌ను గుసగుసగా అడిగింది.

"మూడు కిలోల రెండొందలు. సుమ్నె ఊరుకోమ్మా," అన్నాడు రాజగోపాల్.

రాజగోపాల్ విమానాల ఫ్యాక్టరీలో రేకు పని చేసి రిటైరైన మనిషి. షెడ్డులో నిజంగా విమానం కట్టడం తెలిసింది ఆయనకే. ఎక్కడో చవగ్గా, తేలిగ్గా ఉందని అభిజిత్ తెచ్చిన ప్లైవుడ్‌ను అన్నం గిన్నెలో గంటసేపు ఉడకబెట్టి, పొరలు దేనికది ఊడిపోతే పళ్ళెంలో పెట్టి చూపించింది ఆయనే. అల్యూమినియం బ్రాకెట్లకు ఎక్కడ చిల్లులు పొడిస్తే బరువు తగ్గుతుందో, ఎక్కడ పొడిస్తే ప్రాణం పోతుందో ఆయనకు వేళ్ళ చివర తెలుసు. కానీ యజమాని గొంతు పెంచితే చాలు, ఆయన గొంతు లోపలికి పోతుంది. రెక్కలో ఆరుచోట్ల లోపలికి చూడ్డానికి కిటికీల్లాంటి రింగులు పెట్టాలని ప్లానులో ఉంది. రింగూ మూతా కలిపి ఒక్కోటి ముప్ఫై గ్రాములని అభిజిత్ ఆరూ కొట్టేశాడు. రాజగోపాల్ ఒకసారి వద్దన్నాడు, రెండోసారి అనలేదు. తయారుచేసిన రింగులన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో వేసి అటక మీద పెట్టాడు.

రెక్క కుట్టేపని ఇద్దరిది. రెక్కను స్టాండులో నిలువుగా నిలబెట్టి, బేబీ ఒకవైపు, రాజగోపాల్ అటువైపు కూర్చుంటారు. లోపల పక్కటెముకలా ఉన్న చెక్క రిబ్బు పక్కగా ఆమె పొడవాటి సూది పొడిస్తే ఆయన అటునుంచి లాగి, రిబ్బుకు రెండో పక్కగా తిప్పి పంపిస్తాడు. మైనం పట్టిన దారాన్ని ఆమె బిగలాగి ముడి వేస్తుంది. రెండున్నర అంగుళాలకొక ముడి. ఆ ముడులే గాలిలో బట్టను రెక్కకు పట్టి ఉంచేవి. పన్నెండు అంగుళాల సూదులు నాలుగు, ఒకే ఉక్కు కడ్డీలోంచి కోసి రాజగోపాల్ సానబట్టి చేశాడు. వాటినీ వదల్లేదు అభిజిత్. ఒక్కోటి ఏడున్నర గ్రాములు.

సూదుల కోసం బేబీ నాలుగు గదుల గుడ్డసంచి కుట్టింది. పొద్దున నాలుగూ తీసి లెక్కపెడుతుంది, సాయంత్రం నాలుగూ పెట్టి లెక్కపెడుతుంది. గార్మెంట్స్‌లో అబ్బిన అలవాటు. అక్కడ సూది విరిగితే లైన్ ఆగిపోతుంది. ముక్కలన్నీ దొరికేదాకా ఆ బల్ల మీద బట్ట ఒక్కటి కదలదు. ముక్కలు అట్టకు అంటించి, పక్కన తేదీ వేసి, విరిచిన మనిషి సంతకం పెడితేనే కొత్త సూది ఇస్తారు. ఎక్కడో పరాయి దేశంలో పసిబిడ్డ వేసుకునే చొక్కా కదా అది.

గురువారం పది గంటలకు రెండు కార్లు వచ్చాయి. అభిజిత్ ఆఫీసు పెద్దవాళ్ళు, వాళ్ళతో ఒక పేపరువాళ్ళ ఫోటోగ్రాఫరు.

"బేబీగారూ, మీరు కొంచెం పక్కకి వస్తారా? ఫ్రేమ్‌లో పడుతున్నారు," అన్నాడు అభిజిత్. జనం ముందు మీరు, జనం పోయాక నువ్వు. ఈ మూడు నెలల్లో ఆ మర్యాద రుచి ఆమెకు బాగా తెలిసింది.

ఆమె లేచి పక్కకు జరిగింది. అభిజిత్ ఆమె ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. సూది చేతిలోకి తీసుకున్నాడు.

"బరువు తగ్గించడమే ఈ గేమ్ అండి," అని చెబుతున్నాడు. "ఈ ఫ్యాబ్రిక్ కూడా నేనే సెలెక్ట్ చేశాను. ఇంకా లైట్‌ది ఒకటి దొరికింది కానీ, వీవ్ జారిపోతుందని రిజెక్ట్ చేశా."

బేబీకి ఒళ్ళు మండింది. ఆ తేలిక బట్టే కావాలని పట్టుబట్టినవాడు ఇతనే. కుట్టు దగ్గర పోగులు జారతాయని చెబితే, మూడు అంగుళాల ముక్క కుట్టి, రెండు బొటనవేళ్ళతో లాగి, కుట్టు పక్కన పోగులు విడిపోయి వెలుతురు కనబడేదాకా నమ్మలేదు. నువ్వు చెప్పావని ఒక్కమాట, ఈ పెద్దమనుషుల ముందు అంటే నోటి ముత్యాలు రాలతాయా?

"బేబీగారూ, అందరికీ కాఫీ చెప్పి రారూ?"

వీధి చివర దర్శిని హోటలుకు వెళ్ళి ఎనిమిది కాఫీలు పోయించుకుని వచ్చేసరికి పావుగంట పట్టింది. ఫోటోలు అయిపోయాయి. అందరూ ఇంజన్ దగ్గర నిలబడి నవ్వుతున్నారు. రాజగోపాల్ ఒక మూల, గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. చేతులకు ఏమీ అంటలేదు, అయినా తుడుచుకుంటూనే ఉన్నాడు.

సాయంత్రం సంచిలో మూడు సూదులే ఉన్నాయి.

"అన్నా, ఒగ సూది తక్కువ ఉండాది."

"సరిగా చూడమ్మా."

"మూడు మార్లు చూస్తి. పొద్దున నాలుగు ఉండె."

రాజగోపాల్ నేలవంక చూశాడు. అభిజిత్ కంప్యూటర్ ముందు నుంచి తల తిప్పకుండానే అన్నాడు: "నీ దగ్గరే ఉంటుంది చూసుకో. చీరకి గుచ్చుకుని ఇంటికెళ్ళిపోయి ఉంటావు ఏ రోజో."

"పన్నెండు అంగుళాల సూది చీరకు గుచ్చుకుని రెండు బస్సులు ఎక్కుతానా సార్?"

"నాకేం తెలుసు? టూల్స్ నీ రెస్పాన్సిబిలిటీ."

శుక్రవారం ఆమె గంట ముందే వచ్చింది. పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతానికి తాడు కట్టి షెడ్డు నేలంతా ఈడ్చింది. రెండు వాషర్లు, ఒక హెయిర్ పిన్ను, గుప్పెడు ఇనుపరజను. సూది లేదు. రెక్కను రాజగోపాల్‌తో పట్టించి అటూ ఇటూ ఊపింది. లోపల చప్పుడు లేదు. అప్పుడు పీట వేసుకుని కుట్లు చూడ్డం మొదలుపెట్టింది. మొదటి రిబ్బు నుంచి ఒక్కొక్క ముడినీ వేలితో తడుముతూ పోయింది. తన ముడి తనకు తెలుసు. కుడిచేతి దారం ఎప్పుడూ కిందికి పోతుంది, ముడి ఎడమకు ఒరుగుతుంది. మూడు నెలల్లో రెండువేలకు పైగా వేసింది, ఒక్కటీ కుడికి ఒరగలేదు.

ఏడో రిబ్బు దగ్గర నాలుగు ముడులు కుడికి ఒరిగి ఉన్నాయి.

నాలుగోదాని పక్కన బట్టకు రెండు చిల్లులు ఎక్కువ పడ్డాయి. సూది లోపల దేనికో తగిలితే వెనక్కి లాగి మళ్ళీ పొడిచిన చిల్లులు. ఆ బట్ట వెనక ఏముందో ఆమెకు తెలుసు. తను బట్ట కప్పకముందు చూసింది. రెక్క చివర పైకీ కిందికీ ఆడే పలక ఉంటుంది, విమానాన్ని పక్కకు ఒరగనిచ్చేది, ఒరిగినదాన్ని మళ్ళీ లేపేది. దాన్ని కదిలించే ఇనుప కీలు సరిగ్గా అక్కడే ఉంది, చుట్టూ దట్టంగా గ్రీజు పూసి. అయస్కాంతం అక్కడ పెడితే టక్కున అంటుకుంది. కీలుకు అంటుకుందో సూదికి అంటుకుందో దేవుడికి తెలియాలి.

"సార్, ఇవి మీరు కుట్టినవి కదా?"

అభిజిత్ వచ్చి చూశాడు. "అవును, ఫోటో కోసం నాలుగు వేశాను. అయితే?"

"సూది ఇక్కడ విరిగింది."

"ఎవరన్నారు? సూది తిరిగిచ్చేశాను నేను."

"ఎవరికి ఇచ్చినారు?"

అతను చార్టు వైపు తిరిగాడు. బేబీ రాజగోపాల్ వైపు చూసింది. ఆయన స్క్రూడ్రైవర్ల డబ్బా సర్దుతున్నాడు.

"ఇక్కడ బట్ట తెరిచి చూడాల సార్. ముక్క ఆ కీలులో ఇరుక్కుంటే..."

"తెరవడమా? సోమవారం విమానం చెక్ చెయ్యడానికి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. తెరిస్తే అక్కడ రింగు పెట్టాలి, టేపు వెయ్యాలి, మళ్ళీ పూత పుయ్యాలి. వెయిట్ ఎంత పెరుగుతుందో తెలుసా? అసలు లోపల ఏదైనా ఉందనుకో, ఎంత ఉంటుంది? ఒక గ్రామా? రెండా?"

"దారం తోకలు పదకొండు గ్రాములని నాతో పూటంతా కోయిస్తిరే సార్! అప్పుడు గ్రాము పెద్దది. ఇప్పుడు మీరు విరిచిన ముక్కకు గ్రాము చిన్నదైపోయిందా?"

అభిజిత్ ముఖం కందిపోయింది.

"చూడు బేబీ. నువ్వు టైలర్‌వి. ఇంజనీరింగ్ నాకు నేర్పకు. ఫ్యాబ్రిక్ వర్క్ అని లాగ్‌బుక్‌లో నీ పేరే రాయిస్తున్నాను. రేపేదైనా తేడా వస్తే అడిగేది నిన్నే. కాబట్టి నోరు మూసుకుని పని కానివ్వు."

ఆ పుస్తకంలో పేరు రాస్తారని రాజగోపాల్ చెప్పిననాడు బేబీ ఇంటికి వెళ్ళేదారంతా నవ్వుకుంటూ పోయింది. ఇన్నేళ్ళుగా ఎన్ని లక్షల కాలర్లు కుట్టినా ఒక్క చొక్కా మీద ఆమె పేరు లేదు. ఇప్పుడు పేరు రాస్తామంటున్నది ఇందుకా? విరిచింది అతను, ఎగిరేది దామోదర్ గారు, పోతే ఆయన ప్రాణం, నింద పడితే తన తల మీద. దామోదర్ వాయుసేనలో పైలట్‌గా చేసి మానుకున్న పెద్దమనిషి. ఈ విమానాన్ని మొదటిసారి గాలిలోకి లేపాల్సింది ఆయనే. వచ్చినప్పుడల్లా బొటనవేలితో కుట్టు నొక్కి చూసి, "బేబమ్మా, నీ ముడి మీద నాకు నమ్మకం," అని పోయేవాడు.

ఆమె కోపంగా గుడ్డసంచి మూసి, టిఫిన్ డబ్బా తీసుకుని బయటికి నడిచింది.

గేటు దగ్గర రాజగోపాల్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అమ్మా, నేను చూస్తిని. ఆయన బలంగా తోసె, టక్కుమనె. బెజ్జం ఉండే ముక్క చేత్లోకి వచ్చేసె. ఫోటో తీసేవాడు ఇంకోపక్క చూస్తా ఉండె. గబుక్కున జేబులో వేసుకునె. నన్ను చూసి చెప్పొద్దని తలూపె."

"నువ్వూ తలూపితివి."

"ఊపితిని."

"దామోదర్ సార్ నీకు ఏమైతాడన్నా? శత్రువా?"

రాజగోపాల్ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆమెకు జాలి కలగలేదు. తిట్టాలనే ఉంది, తిట్టింది కూడా. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా తిట్టింది. అంతా విని ఆయన చొక్కా లోపలి నుంచి ఏదో తీశాడు. అటక మీది రింగుల్లో ఒకటి.

"బట్ట బిగువుగా ఉండాది. ఊరికే కోస్తే పర్రున చినిగిపోతాది. ముందు రింగు అంటించాల. జిగురు ఆరేదానికి ఒక రాత్రి పడుతుంది," అన్నాడు మెల్లగా. "ఆయన నాలుగింటికి ఆఫీసుకు పోతాడు."

నాలుగున్నరకు ఇద్దరూ కలిసి రింగు అంటించారు. ఆమె గుడ్డతో బట్ట తుడిచింది, ఆయన జిగురు పూశాడు, ఆమె అరచేతితో అదిమి పట్టుకుని వంద లెక్కపెట్టింది.

శనివారం తొమ్మిదింటికి దామోదర్ వచ్చాడు. వచ్చి, అలవాటుగా డ్రమ్ము మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. అభిజిత్ ఆయనకు చార్టు చూపిస్తూ రెక్క దగ్గరికి తీసుకొచ్చి, రింగు చూసి ఆగిపోయాడు.

"ఇదెవరు పెట్టారు?"

"నేను పెట్టినా," అంది బేబీ.

"మేమిద్దరం," అన్నాడు రాజగోపాల్. గొంతు ఈసారి లోపలికి పోలేదు.

"ఎవరిని అడిగి? థర్టీ గ్రామ్స్! పీకెయ్యండి ముందు..."

బేబీ కత్తెర మొన దించింది. రింగు లోపలి అంచు వెంబడే గుండ్రంగా కోసింది, చంటిపిల్ల చొక్కాకు మెడ కోసినంత నిదానంగా. అభిజిత్ ఏదో అరుస్తున్నాడు. ఆమెకు వినబడుతూనే ఉంది, చెయ్యి మాత్రం ఆగలేదు. చిన్న పళ్ళెమంత బట్టముక్క ఊడి ఆమె ఒళ్ళో పడింది. టార్చి వేసి లోపలికి చూసింది. చెయ్యి మోచేతి దాకా పెట్టింది. గ్రీజు పూసుకున్న వేళ్ళ మధ్య మూడు అంగుళాల ఉక్కుముక్క బయటికి వచ్చింది.

"కీలు సందులో ఉండె సార్, అడ్డంగా," అని దామోదర్‌తో చెప్పింది. "పలక పూర్తిగా పైకి లేపితే అక్కడే పట్టేస్తాది."

దామోదర్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. వంగి ఆ సందును చూశాడు, ముక్కను చూశాడు. ముఖంలో నెత్తురు లేదు.

"సరే, దొరికింది కదా," అన్నాడు అభిజిత్. గొంతు మారిపోయింది. "గుడ్. వెరీ గుడ్. క్లోజ్ చేసేద్దాం."

"ఎట్లా క్లోజ్ చేస్తాం సార్?"

ఆమె చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికి నడిచింది. మంచి సూది ఒకటి తూకం మీద పెట్టింది. 7.5. అది తీసి, గ్రీజు తుడిచిన ముక్కను పెట్టింది. 1.9.

"మిగతాది ఎక్కడ?"

"అది... అది అప్పుడే..." ఏం మాట్లాడుతున్నాడో అతనికే తెలియలేదు. "పారేసి ఉంటాను."

"అది చూడకుండా లోపల ఇంకో ముక్క ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది? ఈ తక్కెడ మీదే కదా సార్? మా లైన్లో ఇదే రూలు. ముక్కలన్నీ వస్తేనే కొత్త సూది. కొత్త సూది లేకపోతే నేను కుట్టను. ఎవరిని పిలిపించుకుంటారో పిలిపించుకోండి."

ఆమె చెయ్యి చాపి నిలబడింది. కాలర్ల మీద పడి పడి చూపుడువేలు చివర కాయ కాసిన చెయ్యి. అభిజిత్ దామోదర్ వైపు చూశాడు. ఆయన చూపు తూకం మీద నుంచి లేవలేదు. రాజగోపాల్ వైపు చూశాడు. ఈసారి ఆయన తల ఊపలేదు.

అభిజిత్ తన టేబుల్ దగ్గరికి వెళ్ళి, కింది సొరుగు లాగి, కాగితాల అడుగు నుంచి చేతిరుమాలు తీశాడు. మడతలు విప్పి ముక్కను తెచ్చి తూకం మీద తనే పెట్టాడు. బెజ్జంలో జానెడు దారం ఇంకా వేలాడుతోంది. బేబీ దారం లాగేసింది. 

రెండు ముక్కలూ కలిపి అంకె కాసేపు తడబడి 7.3 దగ్గర నిలిచింది.

"ఇంకా ఉండాది," అంది బేబీ.

"పాయింట్ టూ..." అన్నాడు అభిజిత్. అని, తన నోటి నుంచి వచ్చిన మాట తనే విన్నట్టు ఆగిపోయాడు.

"టార్చి పట్టుకోండి సార్."

పట్టుకున్నాడు. ఆమె తెల్ల గుడ్డ ఒకటి వేలికి చుట్టుకుని కీలు సందంతా తుడిచి తీసింది. గ్రీజును గుడ్డ మీద పలచగా పరిచి, వేలితో రుద్దుతూ పోయింది. నాలుగోసారి వేలికి చురుక్కుమంది. బియ్యపుగింజంత చీలిక, సూది విరిగినచోట ఊడిన పెచ్చు. కడిగి పెడితే 7.5.

బేబీ చీర కుచ్చిళ్ళ దగ్గర దోపుకున్న అట్టముక్క తీసింది. మూడు ముక్కలూ వరసగా పెట్టి పైన సెల్లోటేపు అంటించింది. కింద తేదీ వేసింది. శనివారం కాదు, గురువారం తేదీ. దాని కింద గీత గీసి, పెన్ను అభిజిత్‌కు ఇచ్చింది.

"ఏంటిది?"

"విరిచిన మనిషి సంతకం."

అతను గిలికాడు. ఆమె చూసి అట్ట వెనక్కి తోసింది.

"పేరు పూర్తిగా రాయండి సార్. ఇంటిపేరుతో. చదివేదానికి వచ్చేట్టు."

రాశాడు. అక్షరాలు దిద్దుకుంటున్నవాడిలా ఒక్కోటీ విడివిడిగా రాశాడు. దామోదర్ ఆ అట్ట తీసుకుని, లాగ్‌బుక్ తెరిచి, ఫ్యాబ్రిక్ వర్క్ అని ఉన్న పేజీలో బేబీ పేరు ఎదురుగా పెట్టి మూశాడు.

"అన్నా, మిగతా రింగులు ఐదూ దించు," అంది బేబీ. "చార్టులో రాసుకోండి సార్, ఆరు ముప్పైలు."

సంచిలోంచి ఒక సూది తీసి దారం ఎక్కించింది. ఏడో రిబ్బు దగ్గర కుడికి ఒరిగిన నాలుగు ముడులనూ కత్తెరతో ఒక్కొక్కటే తెంపి, ఆ ముక్కల్ని తూకం వెయ్యకుండానే చెత్తబుట్టలో పారేసింది. రాజగోపాల్ అటువైపు వెళ్ళి కూర్చున్నాడు. ఆమె రిబ్బు పక్కగా సూది పొడిచి, ఆయన లాగేదాకా ఆగింది.